పొయ్యికో కుటుంబం

జూన్ 4

లెక్కల ఆఫీసు దొరసాని గారికి,

ఇక్కడ అక్కా నేనూ బతికే ఉన్నాం. ఊరికే అంటున్న మాట కాదు, నిన్నటితో ఆ సంగతి ప్రభుత్వం వారి కాగితాల్లోకి కూడా ఎక్కింది. ఇళ్ల లెక్కలు రాసే పంతులమ్మ వచ్చి గంటన్నర కూర్చుంది. మా బిల్డింగ్ కూలగొట్టి, కొత్త క్వార్టర్లలో కుటుంబానికో ఫ్లాట్ ఇస్తారట. ఎవరెవరు ఏ కుటుంబమో తేల్చడానికి ఆవిణ్ని పంపారు. పాపం, ఐదంతస్తులూ ఎక్కి దిగి పెదాలు ఎండిపోయి ఉంది. మంచినీళ్లిచ్చాను. తాగీ తాగకముందే "మీ ఆయన?" అంది.

"పోయాడు" అన్నాను. రాసుకుంది. అక్కని అడిగింది. అక్క కూడా "పోయాడు" అంది. అదీ రాసుకుంది. నాకే మనసొప్పక, "అమ్మా, ఆవిడ మొగుడు నిజంగా పోయాడు. నా మొగుడు ఇంకోదాంతో పోయాడు" అని చెప్పాను. ఆవిడ రబ్బరుతో చెరిపి, పుస్తకం తిరగేసి, "బతికుండీ ఇంట్లో లేని భర్తకి నాలుగో నంబరు" అంది. జైలుకి వెళ్లకుండానే మీ చిన్నన్నయ్యకి ఒక నంబరొచ్చింది, సంతోషించు.

తర్వాత అక్క వైపు తిరిగి, "చూపు ఎలా ఉందండీ? ఇబ్బంది లేదు, కొంచెం ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు కనబడదు. నాలుగింట్లో ఒకటి చెప్పండి" అంది. మీ పెద్ద వదిన సంగతి నీకు తెలియనిదా? "నాకు కనబడనిదేముందమ్మా? నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అది కూడా కనబడుతోంది" అంది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. 'ఇబ్బంది లేదు' అని రాసుకుంది.

ఇక అసలు సంగతి. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం అని రూలట కదా? ఆ మాట బయటికి పొక్కిందో లేదో, బిల్డింగంతా గోల. మూడో అంతస్తులో దర్జీ, అతని ఇద్దరు తమ్ముళ్లూ పొద్దున ఒక కుటుంబం, సాయంత్రానికి మూడు. వీధి చివర స్టవ్వుల కొట్టువాడు "కొత్త కుటుంబాలకు స్వాగతం" అని బోర్డు కట్టాడు. మాకున్నది ఒకటే స్టవ్వు కాబట్టి మేం ఒక కుటుంబం, ఒక ఫ్లాట్. ఇప్పుడున్న గదిలో నా బైండింగ్ ప్రెస్సు, అట్టల కట్టలు, కత్తిరింపు మిషను, అన్నింటి మధ్యా మేం పక్కకి తిరిగి నడుస్తున్నాం. పక్కపక్కనే రెండిస్తే ఒకదాంట్లో పని చేసుకుని ఒకదాంట్లో బతుకుతాం కదా, ఏమంటావు?

ఇంత గొప్ప రూలు రాసిన బుర్రలేని మనిషి మీ ఆఫీసులోనే ఎక్కడో ఉండి ఉంటాడు. కనిపిస్తే నా పేరు చెప్పి ఒక మొట్టికాయ వెయ్యి.

చేతికంటిన జిగురుతోనే,
నీ చిన్న వదిన


జూన్ 12

చిన్న వదినకి,

మొట్టికాయ వేసుకున్నాను. ఆ బుర్రలేని మనిషిని నేనే.

నవ్వింది చాలు. ఆ ఒక్క వాక్యానికి మాకు పదకొండు నెలలు పట్టింది. ముందు 'ఒకే కప్పు కింద ఉండేవాళ్లు' అనుకున్నాం. ఆ లెక్కన ఆస్పత్రిలో జనరల్ వార్డు ఒక కుటుంబమైపోయింది. 'ఒకే తలుపు వాడేవాళ్లు' అన్నాం. మా డైరెక్టర్ గారింటికి మూడు తలుపులున్నాయి, ఆయన ముగ్గురు కుటుంబ పెద్దలయ్యాడు. 'రక్తసంబంధం' అన్నాం. అప్పుడు మొగుడూ పెళ్లాం విడిపోయారు. చివరికి నేనే లేచి నిలబడి, "సార్, మా ఇంట్లో ఇద్దరు వదినలున్నారు. వాళ్లని కలిపిన మా అన్నలు ఇద్దరూ ఇప్పుడు లేరు. రోజుకి నాలుగుసార్లు కొట్లాడుకుని, ఒకే పొయ్యి మీద వండుకు తింటారు. వాళ్లు కుటుంబం కాకపోతే ఇంకెవరూ కారు" అన్నాను. గదిలో అందరూ తలూపారు. అలా మిమ్మల్ని చూసి రాసిందే ఆ రూలు. ఇప్పుడు తిట్టు చూద్దాం.

మా నిర్వచనాల విభాగంలో ఇంతకన్నా ఘనమైనవి ఉన్నాయిలే. వారంలో ఒక్క గంట పనిచేస్తే చాలు, వాడికి పని ఉన్నట్టే. ఆ లెక్క మా ఆఫీసుకే వర్తింపజేస్తే నిరుద్యోగం రేపటికి రెట్టింపవుతుంది. మనిషి కాళ్లు చాపి పడుకోగలిగితే అది గది. "ఎవరి కాళ్లు?" అని అడిగినందుకు నన్ను రెండు మీటింగులకి పిలవలేదు.

నువ్వడిగిన రెండో ఫ్లాట్ గురించి. ఒక పొయ్యి అయితే ఒక కుటుంబం, రెండు పొయ్యిలైతే రెండు. లెక్కలు ఈ నెలాఖరుకి ముగుస్తాయి. ఈ కుర్చీలో కూర్చుని ఇంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. నువ్వు తెలివైనదానివి.

పెద్ద వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. ఆవిణ్ని అడిగితే ఎప్పుడూ 'బ్రహ్మాండం' అంటుంది.

ఇంకో మీటింగుకి పరిగెడుతూ,
మీ ఆడపడుచు


జూన్ 20

ఆఫీసరమ్మకి,

అబ్బ, ఎంత నేర్పుగా చెప్పావే! "నువ్వు తెలివైనదానివి" అన్నావు చూడు, అక్కడే అర్థమైపోయింది. మర్నాడే స్టవ్వుల కొట్టుకి వెళ్లాను. కొట్టువాడు "ఎన్ని కుటుంబాలు కావాలమ్మా?" అన్నాడు. ఒకటిచ్చాడు. తెచ్చి కిటికీ కింద పెట్టి, పంతులమ్మని పిలిచి చూపించాను. మేమిప్పుడు రెండు కుటుంబాలం.

అయితే ఒక్క తప్పు చేశాను. అక్కకి ముందుగా చెప్పలేదు. పకపకా నవ్వుతుందిలే అనుకున్నాను. కింద గుమ్మం దగ్గర ఎవరితోనో మాట్లాడి పైకొచ్చి, నీళ్ల కోసం కిటికీ వైపు నడిచి, స్టవ్వుని కాలితో తన్నుకుంది. వంగి చేత్తో తడిమింది. "ఎప్పట్నుంచీ వేరు పడ్డాం మనం?" అంది.

"అయ్యో, ఉత్తుత్తికే అక్కా, ఫ్లాట్ కోసం" అన్నాను.

"ఉత్తుత్తి వేరు పడటం అంటూ ఉండదు. పొయ్యి వేరయితే వేరే. మన లెక్కల ఆఫీసు పిల్ల పెట్టిన చిచ్చేనా ఇది?" అంది.

వినవమ్మా, నీకు ఎంత పేరొచ్చిందో! తోడికోడళ్ల మధ్య చిచ్చు పెట్టని ఆడపడుచు ఉండదంటారు గానీ, ప్రభుత్వ ముద్ర వేయించి మరీ పెట్టినదానివి నువ్వొక్కతెవే. అప్పట్నుంచీ పాత స్టవ్వు మీద తనకి సరిపడా తను వండుకుంటోంది. కొత్తదాని మీద నేను వండుకోవాల్సి వచ్చింది. ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి తింటున్నాం. తీరా చూస్తే నా వంట ఎంత ఘోరంగా ఉంటుందో ఇన్నాళ్లకి తెలిసింది. అచ్చు కాగితాలు మాత్రం ఎప్పటిలాగే తనే మడతపెడుతోంది, ఒక్క మడత వంకర పోకుండా. మాట మాత్రం లేదు.

నువ్వే ఒక ఉత్తరం రాయి ఆవిడకి. నీ మాట వింటుంది. అంటే, ఇదివరకు వినేది.

ఉప్పెక్కువైన కూర తింటూ,
చిన్న వదిన


జూన్ 29

వదినా, నీకు దండం!

నేనెక్కడ నేర్పుగా చెప్పాను? రూలు చెప్పాను. అంతకు మించి చెప్పకూడదు అన్నానంటే, చెప్పకూడదనే అర్థం. "నువ్వు తెలివైనదానివి" అంటే, అలాంటి వెధవ పని చెయ్యవులే అని. ఇన్నేళ్లు ఆఫీసులో ఉన్నాక నేను మామూలుగా మాట్లాడినా జనానికి రహస్యంగానే వినబడుతోంది కాబోలు.

పెద్ద వదినకి విడిగా రాశాను, ఇదే కవర్లో ఉంది. తప్పంతా నాదేనని, నీది కాదని రాశాను. ఆవిడ చేతికే ఇవ్వు.

ఇక్కడ ఇంకో ప్రహసనం. మీ వార్డు లెక్కలొచ్చాయి. పోయినసారి రెండు వేల కుటుంబాలు, ఈసారి నాలుగు వేల నూట పన్నెండు. జనాభా పెరగలేదు, కుటుంబం సైజు సగమైపోయింది. మంత్రిగారు కంగారు పడిపోయారు. 'కుటుంబ విచ్ఛిన్నం' అని ఒక కొత్త సామాజిక సమస్య పుట్టింది, దాని మీద కమిటీ కూడా పుట్టింది. పెద్దల పట్ల గౌరవం తగ్గడమే కారణమని ఒక ప్రొఫెసర్ గారు ముప్ఫై పేజీలు రాసిచ్చారు. "కారణం స్టవ్వులు సార్" అని నేను అన్నాను. డైరెక్టర్ గారు నా వైపు జాలిగా చూసి, "పెళ్లి కానివాళ్లకి ఈ బాధలు అర్థం కావమ్మా" అన్నారు. కమిటీకి కార్యదర్శిని నన్నే వేశారు.

ఆ స్టవ్వు తీసేసెయ్. పెద్ద వదిన కాళ్లు పట్టుకో.

దేశంలో కుటుంబాలన్నీ కూల్చిన,
మీ ఆడపడుచు


జూలై 15

చెల్లీ,

వేళాకోళం ఆడే ఓపిక లేదు ఇవాళ. అయినా రాస్తాను, నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

నీ ఉత్తరం అక్క చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ తిప్పి, "చదివాను" అని డబ్బాలో పడేసింది. "ఏం రాసింది?" అంటే "ఏం రాస్తుందో నాకు తెలీదా" అంది. పొగరు అనుకున్నాను. ఆ మర్నాడే కేటాయింపుల లిస్టు అంటించారు. అక్కకి ఒకటో బ్లాకు. నాకు తొమ్మిదో బ్లాకు, నాలుగో అంతస్తు. మధ్యలో పెద్ద రోడ్డు, బస్సులో మూడు స్టాపులు. పక్కపక్కన ఇస్తారనుకున్నాను చూడు, నా అంత పిచ్చిది ఉంటుందా?

లిస్టు చూసొచ్చి చెప్పాను. అక్క "మంచిదేగా" అని వంట మొదలెట్టింది. నేను అలిగి అటు తిరిగి కూర్చున్నాను. ఉన్నట్టుండి కెవ్వున అరిచింది. మంట వెలిగే ఉందని తెలియక చెయ్యి అందులోకే పెట్టింది. మణికట్టు దాకా కాలింది. నీళ్లు పోస్తూ, "కళ్లు కనబడట్లేదా నీకు?" అని కేకలేశాను. కోపంలో అన్న మాటే. ఆవిడ తల దించుకుంది.

కనబడట్లేదే. రెండేళ్లయింది. ఆస్పత్రిలో కాలిన చేతితో పాటు కళ్లు కూడా డాక్టరుకి చూపించాను. రెండు కళ్లలో నరం ఎండిపోయిందట, పోయిన చూపు రాదట. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. ఒకే గదిలో ఉండి నేను కనిపెట్టలేదు చూడు! "ఉప్పు నువ్వే చూడవే" అంటే నా మీద పెత్తనం అనుకున్నాను. అడుగులు లెక్కపెట్టుకుని నడుస్తోంది. కాగితాలు వేళ్లతో మడుస్తోంది. నీ ఉత్తరం చదవనే లేదు, చదవలేక డబ్బాలో పడేసింది.

అసలు మాట అప్పుడు బయటపడింది. "నా కళ్లు పోయిన సంగతి నీకు తెలిసిపోయింది, గుడ్డిదాన్ని ఎక్కడ మొయ్యాలని వేరు పొయ్యి తెచ్చావనుకున్నాను" అంది. ఈ నెల రోజులూ ఆ మాట మనసులో పెట్టుకుని పక్కనే కూర్చుని నా కాగితాలు మడతపెట్టిందే ఈవిడ! ఇద్దరం కూర్చుని ఏడ్చాం. తర్వాత నీ ఉత్తరం చదివి వినిపించాను.

నిన్న ఆఫీసుకి పరిగెత్తాను. మేం మళ్లీ ఒకటే కుటుంబం, ఒకటే ఫ్లాట్ చాలు అన్నాను. గుమాస్తా నిజంగా మంచివాడే, బీరువాలన్నీ వెతికాడు. "విడిపోయినవాళ్లకి ఫారం ఉందమ్మా, కలిసినవాళ్లకి లేదు" అన్నాడు. ఈ నెలాఖరుకి ఎవరి తాళాలు వాళ్లు తీసుకోకపోతే రెండూ పోతాయట.

ఈవిణ్ని రోడ్డు అవతల ఒక్కదాన్నీ వదిలి నేను నాలుగో అంతస్తులో ఉండాలా? మార్గం చెప్పు. ఈసారి విడమరిచి చెప్పు.

వదిన


జూలై 22

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. బాత్రూములోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. చూపుకి నాలుగు జవాబులు రాసింది కూడా నేనే. ఐదోది ఉండాలని తోచలేదు: 'కనబడదు గానీ ఛస్తే చెప్పను'.

విడమరిచి చెబుతున్నాను. రెండు కుటుంబాలు ఒకటి కావడానికి మా పుస్తకంలో మూడే దారులు: పెళ్లి, పుట్టుక, దత్తత. మొదటిది మీకు కుదరదు, రెండోదానికి ఆలస్యమైంది, మూడోదానికి ఎవరు ఎవర్ని పెంచుకోవాలో మీరు తేల్చుకునేలోపు బిల్డింగ్ కూలిపోతుంది. డైరెక్టర్ గారిని అడిగాను. "విడిపోయాక మళ్లీ కలిశారా? ఎవరూ అడగలేదే ఇంతవరకు" అన్నారు. కమిటీలో కూడా లేవనెత్తాను. 'కుటుంబాలు కలవడం' తమ పరిధిలోకి రాదన్నారు.

ఒక్క సందు ఉంది. చూపు బాగా పోయిన మనిషిని, చూసుకునేవాళ్ల కుటుంబంలో 'ఆశ్రితురాలు'గా చేర్చవచ్చు. కానీ ఆవిడ ఇంతకుముందు 'ఇబ్బంది లేదు' అని చెప్పి ఉంది. కాబట్టి తనే స్వయంగా వచ్చి, ఆఫీసర్ ఎదుట, సాక్షుల ముందు, నాకు కళ్లు కనబడవు అని నోటితో చెప్పాలి. ఆ ఆఫీసు సంగతి నీకు తెలుసు, ఒకటే హాలు, బిల్డింగ్ జనమంతా అక్కడే ఉంటారు.

మోకాళ్లు పట్టేసినా బ్రహ్మాండం అనే మనిషిని, ఆ మాట నలుగురిలో అనమని నేను రాయలేను. పైగా ఆ ఆశ్రితురాలనే మాట ఒకటి. ఆవిడ బతుకులో ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. నువ్వే ఎలాగో చెప్పు. సెలవు పెట్టి రమ్మంటే వస్తాను.

మీ ఆడపడుచు


ఆగస్టు 3

చెల్లీ,

నువ్వు రావాల్సిన పని పడలేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆశ్రితురాలు అన్న చోట గొంతు తగ్గించి గబగబా చదివేశాను గానీ, ఆవిడ చెవులు ఏమీ పోలేదు కదా. "ఇంకోసారి చదువు" అంది. చదివాను. "ఆ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?" అంది.

నెలాఖరుకి ఒక్క రోజు ముందు వెళ్లాం, హాలు కిటకిటలాడుతోంది. దర్జీ తమ్ముళ్లున్నారు, వాళ్ల పెళ్లాలున్నారు, స్టవ్వుల కొట్టువాడు కూడా ఎందుకో ఉన్నాడు. అక్క నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. ఆవిడ అలా నడవడం నలుగురూ చూడటం అదే మొదలు. ఆఫీసర్ "ఏం కావాలి?" అన్నాడు. ఆయన వినబడేలా చెబితే చాలు. ఈవిడ హాలంతా వినబడేలా చెప్పింది:

"నాకు కళ్లు కనబడవు. రెండేళ్లయింది. మొన్న పంతులమ్మకి అబద్ధం చెప్పాను, ఆ పిల్లనేమీ అనకండి. నేను ఒక్కదాన్నీ ఉండలేను. ఇది లేకపోతే ఉండలేను. రాసుకో నాయనా."

దర్జీ పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఫీసర్ మాత్రం మంచి ఊపు మీద ఉన్నాడు, పెన్ను ఆపలేదు. నన్ను చూసి, "కుటుంబ పెద్ద మీరు. ఆశ్రితురాలు ఆవిడ. ఇక్కడ సంతకం" అన్నాడు.

నాకేమయిందో తెలీదు. "తిరగేసి రాయండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"పెద్ద ఆవిడ. ఆశ్రితురాలిని నేను."

"మీకు కళ్లున్నాయి, పనుంది. ఆవిడకి రెండూ లేవు. మీరెలా ఆశ్రితులవుతారు?"

"సార్, నా మొగుడు నన్నొదిలేసి పోయిన ఏడాది నేను మంచం దిగలేదు. ఈవిడకి మొగుడు పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి వచ్చి, నా తల దువ్వి, నోట్లో ముద్ద పెట్టేది. ఆడపడుచుని చదివించింది. ఎనిమిది నెలల తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బైండింగ్ పనిలో కూర్చోబెట్టింది. ఇవాళ ఈ పనుందంటున్నారే, అది ఈవిడ పెట్టిందే. కళ్లు పోయినంత మాత్రాన పెద్దరికం పోతుందా? మీరు రాయకపోతే నేను సంతకం పెట్టను."

అక్క నా నడుం గిల్లింది. "ఊరుకోవే, ఏదో ఒకటి రాయించుకుని పద. ఆకలేస్తోంది" అంది. వెనకాల క్యూలో ఎవరో "రాసెయ్యండి సార్, మా పనులున్నాయి" అని అరిచారు. ఆయన విసుక్కుని, నేను చెప్పినట్టే రాసేశాడు. "ఇది చెల్లదమ్మా. మెషిన్ ఒప్పుకోదు. తప్పుల లిస్టులో పడి హెడ్డాఫీసుకి పోతుంది, అక్కడ తిరిగి సరిచేసేస్తారు" అన్నాడు. ఎవరు సరిచేస్తారని అడిగితే, నిర్వచనాల విభాగం అన్నాడు.

నవ్వొచ్చింది గానీ దిగమింగుకున్నాను. ఇక నీ ఇష్టం. ఇంటికొచ్చి అక్క వండింది, ఉప్పు నేను వేశాను. కొత్త స్టవ్వు పంతులమ్మకి ఇచ్చేశాం, వాళ్లింట్లో ఒకటీ లేదట.

చిన్న వదిన


ఆగస్టు 19

వదినలిద్దరికీ,

వచ్చింది. నిన్న పొద్దున, రెండు వందల తప్పుల కట్టలో నూట ముప్ఫై ఒకటోది. మెషిన్ ఎర్రగీత గీసి ఇలా రాసింది: 'పొంతన లేదు. కుటుంబ పెద్దకు చూపు లేదు, ఆదాయం లేదు. ఆశ్రితురాలికి రెండూ ఉన్నాయి. ఎవరు ఎవరిపై ఆధారపడి ఉన్నారో విచారించి సరిచేయవలెను.'

డైరెక్టర్ గారు నా టేబుల్ దగ్గర ఆగి, "ఇందులో ఏముందమ్మా, పేర్లు అటూ ఇటూ మార్చెయ్, ఒక్క నిమిషం పని" అన్నారు. అవును సార్ అన్నాను. ఆయన వెళ్లిపోయాక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ విభాగంలో నాకు పంతొమ్మిదో ఏడు. ఇంతవరకు ఒక్కసారి కూడా విచారించవలెను అన్నచోట నిజంగా విచారించలేదు. కాగితం చూసి కాగితం సరిచేశాను.

నిన్న విచారించాను. ఎక్కడికీ వెళ్లలేదు, కుర్చీలోనే కూర్చుని. నా కాలేజీ ఫీజు కట్టే రోజున సబ్బు వాసన వేసే చేతులతో గేటు దగ్గర నిలబడింది ఎవరో గుర్తు చేసుకున్నాను. ఆ చేతులు బొబ్బలెక్కి ఉన్నాయని అప్పుడు చూశాను గానీ, ఎందుకని అడగలేదు. అడిగితే బ్రహ్మాండం అనేది.

ఫ్లాట్ ఒకటే వస్తుంది. రెండో బ్లాకు, కింది అంతస్తు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద ఉన్నాయి, నువ్వు రాయించిన వరసలోనే. ఎర్రగీత పక్కన విచారణాధికారి అభిప్రాయం రాయడానికి రెండంగుళాల గడి ఉంది. అందులో రాశాను:

'విచారించడమైనది. నమోదు సరైనదే. ఆశ్రితులు ఇద్దరు. రెండో ఆమె ఈ సంతకం చేసిన అధికారి.'

స్టాంపు వేసి పంపేశాను.

మీ ఆడపడుచు